ఖాళీగా ఉండాల్సిన ప్లేటు

బావ కాలి గాయంలోంచి వేరుచేసిన సూక్ష్మజీవి ప్లేటు నిండా మీగడ కట్టినట్టు పెరిగింది. దాని మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు దూరం దూరంగా పెట్టి ఉన్నాయి. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవి చచ్చి, గుండ్రంగా ఖాళీ జాగా ఏర్పడుతుంది. ఆ జాగాను స్కేలుతో కొలవడం ల్యాబు డాక్టరు పని. ఆ ఉదయం అతను ప్లేటును నల్లగుడ్డ మీద పెట్టుకుని, స్కేలు చేతిలోకి తీసుకుని, కొలవడానికి ఏమీ లేక కాసేపు అలాగే కూర్చున్నాడు. సూక్ష్మజీవి బిళ్ళల అంచుల దాకా పెరిగింది. కొన్నిచోట్ల బిళ్ళ మీదికి ఎక్కి మరీ పెరిగింది. ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం సన్నటి వలయం ఉంది. అది మూత్రపిండాలను దెబ్బతీసే మందు. వేరే దారి లేనప్పుడు తప్ప వార్డు డాక్టర్లు దాని జోలికి పోరు.

ఎముకల వార్డు నుంచి ఇలాంటివి అంతకుముందే మూడు వచ్చాయి. నాలుగూ ఒకే మందులకు మొండికేశాయి, ఒకే మందుకు కాస్త వంగాయి. అంటే నాలుగు మంచాల మీద ఉన్నది ఒకే సూక్ష్మజీవి. అది ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళుతోంది. దానికి కాళ్ళు లేవు. ఎవరో మోస్తున్నారు.

ప్లేటు మీద రాసి ఉన్నది సొంత బావ పేరని తెలిసినా అతనికి ముందు కలిగింది భయం కాదు, కోపం. కోపంతో అతనికి బాగా అలవాటు. దాన్ని శ్రద్ధ అనీ క్రమశిక్షణ అనీ పిలుచుకుని ఏళ్ళ తరబడి ఆస్పత్రిలో వాడుకుంటున్నాడు. కోపంగా ఉన్నంతసేపు ఎవరూ తన ముఖంలోకి చూడరు. ఆ సౌకర్యం కోసమే తనకు కోపం వస్తుందేమోనని ఒక్కోసారి అనుమానించాడు కూడా. అనుమానించి ఊరుకున్నాడు.

లేచి వార్డుకు వెళ్ళాడు.

బావ డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. ఆగి ఉన్న కారు పైకెక్కి బోర్డు బిగిస్తూ జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. "జీవితమంతా స్టీరింగు ముక్కా రాని వాళ్ళ చేతుల్లో ప్రాణం పెట్టి తిరిగాను, ఏమీ కాలేదు. ఆగి ఉన్న కారు పడేసింది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఇప్పుడు జ్వరంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి, గాయం చుట్టూ ఎర్రగా వాచింది. అక్క మంచం అంచున కూర్చుని అతని పాదం ఒళ్ళో పెట్టుకుని ఉంది.

హెడ్ నర్సు తలుపు దగ్గరే ఎదురైంది.

"మేమెంత మొత్తుకున్నా అటెండెంట్లు వినరు సార్. ఇంటి నుంచి దుప్పట్లు తెస్తారు, దిండ్లు తెస్తారు, మంచాల మీద కూర్చుంటారు." గొంతు తగ్గించింది. "మీ అక్కగారని చెప్పలేకపోయాను గాని, మొన్న కట్టు దగ్గర గోకుతుంటే నేనే చూశాను."

ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అతను మంచం దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరు నర్సులు మందుల బండి దగ్గర ఆగి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారని తెలియడం వల్లే అతని గొంతు డాక్టరు గొంతుగా మారింది.

"కట్టు ముట్టుకున్నావా?"

అక్క తలెత్తింది. "దురదగా ఉందని గోల పెడుతుంటే... కట్టు పక్కనే రా. ఒక్కసారి."

"చేతులు కడుక్కున్నావా?"

అక్క తన ఒళ్ళో ఉన్న పాదాన్ని మెల్లిగా, పగిలిపోయే వస్తువును దించినట్టు పరుపు మీదికి దించింది. తరువాత తన రెండు చేతులూ చూసుకుంది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచుకుంది.

ఆ రోజు నుంచి ఆవిడ స్టూలు గోడ దగ్గరికి జరుపుకుంది. అన్నం గిన్నె నర్సు చేతికిచ్చి తినిపించమనేది. గంటకోసారి లేచి వెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చేది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రబడింది.

"ఏమిటే అది, నాకేమైనా ఎల్ బోర్డు తగిలించారా? అంత దూరాన కూర్చున్నావు," అని బావ వేళాకోళమాడాడు.

"మాట్లాడకండి. జ్వరం పెరుగుతుంది," అంది అక్క గోడ దగ్గర నుంచే.

"చూడు అద్దాలూ, మీ అక్క వరస," అని బావ అతనితో అన్నాడు. అతన్ని చిన్నప్పటి నుంచి అద్దాలు అనే పిలిచేవాడు.

అతనికి కళ్ళద్దాలు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి. అమ్మ త్వరగా పోయింది. పదేళ్ళు పెద్దదైన అక్కే అతనికి స్నానం చేయించి, జడ వేసుకుంటూనే ఎక్కాలు అప్పజెప్పించుకుని, బడికి దిగబెట్టేది. క్లాసులో ఎవరైనా లేచి నిలబడమంటే అతని కుడిచెయ్యి దానంతట అదే పైకి వెళ్ళి, చూపుడువేలు అద్దాల మధ్య కడ్డీని ముక్కు మీదికి నెట్టేది. అద్దాలు జారకపోయినా నెట్టేది. ఆ ఒక్క క్షణం ముఖానికి చెయ్యి అడ్డం ఉంటుంది. అక్క అది కనిపెట్టింది. "చెయ్యి దించు. ముఖం చూపించు. నువ్వేం దొంగతనం చెయ్యలేదు," అనేది. పెళ్ళయి వెళ్ళినా తమ్ముణ్ణి తనతోనే తీసుకువెళ్ళింది. ఇప్పటికీ అతను ఒంటరిగా వాళ్ళ ఇంటి పై వాటాలో ఉంటాడు. ఇప్పటికీ భోజనాల దగ్గర పెళ్ళి మాటో, కొత్త మనిషి మాటో వచ్చి అతని చెయ్యి పైకి లేస్తే ఆవిడ కూర వడ్డిస్తూనే "చెయ్యి" అంటుంది. అతను దించేస్తాడు.

*

మోస్తున్నది ఎవరో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. మామూలు సూక్ష్మజీవులను చంపేసే బలమైన మందు కలిపిన జెల్లీని ప్లేట్లలో పోస్తారు. వార్డులో తిరిగే ప్రతి మనిషీ పని మధ్యలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే వచ్చి, చేతి వేళ్ళు దాని మీద అద్దాలి. మొండి సూక్ష్మజీవి ఉన్న చేతికి మర్నాటికి గులాబీ చుక్కలు వస్తాయి. లేని చేతి ప్లేటు ఖాళీగా ఉంటుంది.

నర్సింగు గదిలో బల్ల మీద ప్లేట్లు పేర్చుకుని ల్యాబు టెక్నీషియను కూర్చుంది. ఆవిడ అతనితో పాటే ల్యాబులో ముసలిదవుతున్న మనిషి. ఏం మాట్లాడినా నవ్వు మొహంతోనే మాట్లాడుతుంది.

"ఇందులో నా పెళ్ళెప్పుడో కూడా కనిపిస్తుందా మేడమ్?" అని ఒక నర్సు వేళ్ళు చాపింది.

"కనిపిస్తుంది. గట్టిగా అద్దు. మెల్లిగా అద్దితే ముసలి మొగుడు వస్తాడు."

అందరూ నవ్వారు. నవ్వుతున్నా వేళ్ళు తీసిన వెంటనే ఎవరికి వాళ్ళు తమ ప్లేటును ఒకసారి దొంగచూపు చూసుకుని వెళుతున్నారు. అప్పుడే ఏదో కనబడిపోతుందేమో అన్నట్టు.

అటెండెంట్లనూ పిలిచారు. అక్క అందరికన్నా చివర వచ్చింది. పరీక్ష హాల్లోకి వచ్చినట్టు వచ్చి, గుమ్మంలో ఆగి, "కడుక్కుని రానా?" అని అడిగింది.

"వద్దమ్మా. ఎలా ఉన్నారో అలాగే," అంది టెక్నీషియను.

అక్క వేళ్ళు అద్దింది. పగిలిన చర్మం మెత్తటి ప్లేటుకు అంటి నొప్పి పుట్టిందేమో, పెదవి కొరుక్కుంది. అద్దిన తరువాత కూడా వెళ్ళకుండా నిలబడింది.

చివరి ప్లేటు అతనిది. పుస్తకాల ప్రకారమైతే ఎవరూ ముట్టుకోని ప్లేటొకటి మూత తియ్యకుండా పక్కన పెడితే చాలు. అది ఖాళీగా ఉంటే ప్లేట్ల తయారీలో లోపం లేనట్టే. ఇలా సరిచూసుకోవడానికి పెట్టేదాన్ని కంట్రోలు అంటారు. అతను దానికి తోడు ఇంకొకటి కలిపాడు. అందరి ముందూ చేతులు పద్ధతి ప్రకారం కడుక్కుని, తుడుచుకుని, తన వేళ్ళు కూడా ఒక ప్లేటు మీద అద్దేవాడు. మర్నాడు ఆ ఖాళీ ప్లేటును నర్సులకు చూపించి, "చెయ్యి అంటే ఇలా ఉండాలి," అనేవాడు. ఆస్పత్రిలో దాన్ని సార్ ప్లేటు అంటారు. ఎన్నోసార్లు పెట్టాడు. ఎప్పుడూ ఖాళీగానే ఉంది.

ఆ రోజు కూడా కడుక్కున్నాడు. గోళ్ళ కిందా, బొటనవేళ్ళ మొదట్లో, మణికట్ల దగ్గరా. కొత్త కాగితంతో తుడుచుకున్నాడు. బల్ల దగ్గరికి వస్తూ తలెత్తితే గుమ్మంలో అక్క అతన్నే చూస్తోంది. ఆ చూపులో ఫిర్యాదేమీ లేదు. మార్కులు వేసేవాడి దయ కోసం చూసే చూపు. అతను ముఖం తిప్పుకున్నాడు. తరువాత వేళ్ళు ప్లేటు మీద అద్దాడు.

ఆ రెండింటి మధ్య చెయ్యి ఇంకో పని కూడా చేసింది. అది అతనికి అప్పుడు తెలియలేదు.

*

మర్నాడు టెక్నీషియను ప్లేట్ల దొంతి తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. మొహంలో నవ్వు లేదు.

"అన్నీ ఖాళీ సార్. నర్సులు, ఆయాలు, డాక్టర్లు, అందరివీ. మీ అక్కగారిది కూడా."

అక్క ప్లేటు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. పగుళ్ళ గుర్తులు తప్ప ఏమీ లేవు.

"మరి?"

ఆవిడ వెనక దాచుకున్నట్టు పట్టుకున్న ప్లేటును ముందుకు తెచ్చింది. సార్ ప్లేటు. చూపుడువేలు, మధ్యవేలు అద్దినచోట గులాబీ చుక్కలు. జిగటగా, నిగనిగలాడుతూ, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. రెండు వేళ్ళ ఆకారం స్పష్టంగా ఉంది. పోల్చుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

గదిలో ఫ్రిజ్జు గుర్రుమంటోంది. అతను ఆ శబ్దాన్ని శ్రద్ధగా విన్నాడు.

"పోసినప్పుడే ఏదో పడి ఉంటుంది సార్," అంది ఆవిడ, అతని వైపు చూడకుండా. "కంట్రోలు పాడైతే టెస్టు మొత్తం చెల్లదు కదా. రూలే అది. అన్నీ పారేసి మళ్ళీ పోద్దాం. ఏమంటారు?"

"మూత తియ్యనిది?"

"అది... ఖాళీగానే ఉంది లెండి."

లెండి అన్న మాటలో ఆవిడ జాలి అంతా ఉంది. మూత తియ్యని ప్లేటు ఖాళీగా ఉందంటే తయారీలో లోపం లేదు. చుట్టూ ఉన్న ప్లేట్లన్నీ ఖాళీగా ఉన్నాయంటే లోపం ఒక్క చేతిలోనే ఉంది. అది అతనికీ తెలుసు, ఆవిడకూ తెలుసు. అయినా ఆవిడ తలుపు తెరిచి పట్టుకుంది. నియమం తలుపు. కంట్రోలులో ఏదైనా పెరిగితే పరీక్ష చెల్లదు. ఆ వాక్యాన్ని అతనే ఎంతోమందికి నేర్పాడు.

"పారెయ్యండి," అన్నాడు.

ఆవిడ దొంతి ఎత్తుకుంది.

"ఆగండి. ఈ రెండూ ఉంచండి." తనదీ, అక్కదీ తీసుకుని ఫ్రిజ్జులో వెనక వరసలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో తనకే తెలియదు. పిరికివాడు సాక్ష్యాన్ని పారెయ్యడు, దాచిపెడతాడు. ఏదో ఒకరోజు ధైర్యం వస్తుందన్న అబద్ధం తనకు తాను చెప్పుకోవడానికి అది పనికొస్తుంది.

మధ్యాహ్నం వార్డుకు వెళితే హెడ్ నర్సు ఆత్రంగా లేచింది. "ఎవరు సార్?"

"టెస్టు పాడైంది సిస్టర్. కంట్రోలు సరిగా రాలేదు. మళ్ళీ చెయ్యాలి."

ఆ మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. అతను అది గమనించాడు. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా అబద్ధం చెప్పగలిగినందుకు లోపల ఎక్కడో చిన్న మెప్పు కూడా కలిగింది. ఆ మెప్పును చూసి ఒళ్ళు జలదరించింది.

"అయితే ఈలోపు అటెండెంట్లను లోపలికి రానివ్వద్దని బోర్డు పెట్టేస్తాను. ఎటూ వాళ్ళ వల్లే," అంది హెడ్ నర్సు. అతను వద్దనలేదు.

అక్క అతని వెనకే వరండాలోకి వచ్చింది. కిటికీ దగ్గర నిలబెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసి, మెల్లిగా అడిగింది.

"నాదేనా?"

"టెస్టు పాడైందక్కా."

"నాతో కూడా అదే అంటావేంరా?"

"నిజంగానే..."

"ఒరే." ఆవిడ కొంగు కళ్ళకు అద్దుకుంది. "నా పరువు పోతుందనే కదా పాడు చేశావు? నాకు అర్థమైంది. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, నా మీద మాట పడనియ్యవు. కాని నాకోసం అబద్ధాలు ఆడి నీ ఉద్యోగానికి మచ్చ తెచ్చుకోకు."

ఆవిడ అతని పిరికితనాన్ని ప్రేమగా చదువుకుంది. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చి, అక్కడ చోటు చూసుకుని కూర్చుండిపోయింది.

"నేను ఇంటికి వెళ్ళిపోతాను," అంది అక్క. "మా ఆడపడుచుకు ఫోను చేశాను, వచ్చి ఉంటానంది. నేను దగ్గరుంటే ఆయనకు నయం కాదు. ఆయనతో చెప్పలేదు, చెబితే వెళ్ళనివ్వరు. నువ్వు చెప్పు, నాకు నడుము నొప్పి అని."

అతని చెయ్యి పైకి లేచింది. చూపుడువేలు, మధ్యవేలు కలిసి అద్దాల కడ్డీని ముక్కు మీదికి నెట్టాయి.

"చెయ్యి," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూనే, అలవాటు కొద్దీ.

అతను చేతిని దించి, దాని వైపు చూశాడు. ఆ రెండు వేళ్ళే.

*

ల్యాబు తలుపు వేసుకుని అద్దాలు తీసి తెల్లకాగితం మీద పెట్టాడు. అద్దాలు లేకపోతే అతనికి గదిలో వస్తువులు రంగు మచ్చలుగా మారిపోతాయి. దూది పుల్లను తడిపి, ముక్కును ఆనే రెండు చిన్న దిమ్మల మీద, మడత దగ్గరి ఇరుకులో, మధ్య కడ్డీ మీద తిప్పి, మందు కలిపిన కొత్త ప్లేటు మీద రుద్దాడు. జవాబు మర్నాటికి గాని రాదు. అతనికి ఆగాల్సిన పని లేకపోయింది.

వార్డు నర్సులకు పరీక్ష కోసం చీము సరిగా తియ్యడం రాదని అతని నమ్మకం. అందుకే చీము తియ్యడానికి మంచాల దగ్గరికి తనే వెళ్ళేవాడు. చేతులు కడుక్కునేవాడు. తొడుగులు వేసుకునేవాడు. రోగి అతని ముఖంలోకి చూసేవాడు, లేదా హెడ్ నర్సు పక్కన నిలబడి తన పని చూస్తున్నట్టు అనిపించేది. అప్పుడు తొడుగు వేసుకున్న వేలితో అద్దాలు పైకి నెట్టేవాడు. ఆ వేలితోనే గాయం అంచు విప్పేవాడు. ఏదో ఒక గాయంలోని సూక్ష్మజీవి ఏదో ఒకరోజు ఆ కడ్డీ మీదికి ఎక్కింది. ఆ తరువాత చేతులు ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు. అతను అద్దాలను కడగలేదు. మసకబారితే చొక్కా అంచుతో తుడిచేవాడు.

బావ మంచం గుర్తొచ్చింది. ఆపరేషనైన మర్నాడు పలకరించడానికి వెళ్ళి, కట్టు సరిగా వేశారో లేదో అని ఒక మూల ఎత్తి చూశాడు. "ఏం అద్దాలూ, ఇంజను బాగానే ఉందా?" అని బావ అడిగాడు. మందుల బండి దగ్గర నర్సులు నవ్వారు. నర్సుల ముందు ఆ పేరు పెట్టి పిలిచినందుకు అతనికి సిగ్గేసింది. సిగ్గేస్తే చెయ్యి ఏం చేస్తుందో ఇప్పుడు తెలుసు. ఆ చెయ్యే మళ్ళీ కట్టు మూలను నొక్కి అంటించింది.

సిగ్గు లోపలెక్కడో ఉంటుందని అతను అనుకుంటూ వచ్చాడు. తనది వేళ్ళ కొసల్లో ఉంది. ముఖం దాచుకోవడానికి చిన్నప్పుడు నేర్చుకున్న ఒక్క కదలిక నాలుగు మంచాలు తిరిగింది. మిగతా ముగ్గురు ఎవరు? వాళ్ళ పేర్లు ప్లేట్ల మీద చదివాడు, ముఖాలు గుర్తు లేవు. వాళ్ళ ముఖాల్లోకి తను సరిగా చూడలేదు. చూడవలసి వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంత తెలిశాక కూడా లేచి వార్డుకు వెళ్ళలేదు. జవాబు వచ్చాక వెళదామనుకున్నాడు. శాస్త్రం తెలిసినవాడు జవాబు రాకుండా మాట్లాడకూడదు కదా. అక్క ఆ సాయంత్రం సంచీ సర్దుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతుంటే అతను ల్యాబు కిటికీలోంచి చూశాడు. అద్దాలు కాగితం మీదే ఉన్నాయి కాబట్టి, గేటు దాటుతున్న ఆ రంగు మచ్చ అక్కే అని నడకను బట్టి పోల్చుకున్నాడు. సంచీ ఒక భుజానికి వేసుకుని, చేతులు ఒంటికి తగలకుండా కొంచెం ఎడంగా పెట్టుకుని నడుస్తోంది.

*

మర్నాడు అద్దాల ప్లేటు మీద గులాబీ రంగు వరదలా పాకింది.

అతను సూక్ష్మజీవులను చంపే ద్రావకంలో కడిగిన వేరే పాత అద్దాల జత పెట్టుకున్నాడు. ఫ్రిజ్జులోంచి రెండు ప్లేట్లూ తీసి, మూతలకు టేపు చుట్టి, ఒక డబ్బాలో పెట్టుకున్నాడు. ముందు వార్డుకు వెళ్ళాడు. హెడ్ నర్సు ఫలహారం చేస్తోంది. అతను నిలబడే చెప్పాడు. టెస్టు పాడవలేదని, ఎవరి చేతుల మీదా ఏమీ లేదని, తన వేళ్ళ మీద, తన అద్దాల మీద ఉందని, నిన్ననే తెలుసని. ఆవిడ నోట్లో ముద్ద నమలడం ఆపింది. అరుస్తుందనుకున్నాడు. ఆవిడ లేచి వెళ్ళి, తలుపుకు తగిలించిన బోర్డు తీసి బల్ల సొరుగులో పెట్టింది.

"ఈ సంగతి మా నర్సు పిల్లలకు మీరే చెప్పాలి సార్. మేం చెబితే నమ్మరు," అంది.

"చెబుతాను."

అక్కకు ఫోను చేసి రమ్మన్నాడు. ఆవిడ పరుగులాంటి నడకతో వచ్చింది. బావకు ఏదో అయిందనుకుంది. వరండాలో, నిన్నటి కిటికీ దగ్గరే, అతను డబ్బా తెరిచాడు.

"ఇది నీది."

ఆవిడ వంగి చూసింది. "ఏమీ లేదు?"

"ఏమీ లేదు. నీ చేతులు శుభ్రంగా ఉన్నాయి. మొదటి నుంచీ."

"మరి ఇదెవరిది, ఇట్లా ఉంది?"

"నాది."

అతను అన్నీ చెప్పాడు. అద్దాల సంగతి, కట్టు మూల ఎత్తిన సంగతి. చెబుతున్నంతసేపు చేతులు రెండూ డబ్బాను పట్టుకుని ఉన్నాయి. ఏడుస్తుందనో, తిడుతుందనో ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. తిట్టు తిన్నవాడికి కాస్త తేలికవుతుంది. ఆ తేలికను కూడా ముందే లెక్కవేసుకుంటున్న తనను చూసి ఇంకా సిగ్గుపడ్డాడు.

అక్క చాలాసేపు ఆ గులాబీ వేళ్ళ ముద్రలను చూసింది.

"ఇది ఎప్పుడు తెలిసింది నీకు?"

"అద్దాల సంగతి ఇవాళే ఖాయమైంది."

"అది కాదు. నా చేతిలో ఏమీ లేదని ఎప్పుడు తెలిసింది?"

అతను డబ్బా మూత పెట్టేశాడు.

"నిన్న ఇక్కడే నిలబడ్డాం కదరా మనం. ఈ కిటికీ దగ్గరే."

"అవునక్కా."

"అప్పటికి తెలుసా?"

"తెలుసు."

ఆవిడ తల ఊపింది. చెప్పిన లెక్క సరిగ్గా కుదిరినప్పుడు ఊపినట్టు.

"నాకు మీ పురుగుల సంగతి తెలియదు. కంటికి కనబడనిది ఎవరి మీద ఎక్కుతుందో ఎవరు ఆపగలరు? దానికి నిన్నేమీ అనను." తన చేతుల వైపు చూసుకుంది. "కాని నిన్న రాత్రి నేను అన్నం కలుపుకోలేకపోయాను. నా చేతులంటే నాకే రోత పుట్టి, చెంచాతో తిన్నాను. అది నీకు కంటికి కనబడేదే కదా."

ఆ తరువాత వార్డు గుమ్మం దగ్గరున్న కుళాయి కింద చేతులు కడుక్కుంది. అందరిలాగే కడుక్కుంది, పగుళ్ళ మీద రాసి రాసి కాదు. లోపలికి వెళ్ళి, గోడ దగ్గరి స్టూలును మంచం దగ్గరికి లాక్కుంది.

"వచ్చావా? నడుము తగ్గిందా?" అన్నాడు బావ నీరసంగా. కొత్త మందు ఎక్కుతోంది. జ్వరం కాస్త దిగింది. మూత్రపిండాలు తట్టుకుంటే కాలు దక్కవచ్చని డాక్టర్లు అంటున్నారు. తట్టుకుంటాయని మాత్రం ఎవరూ అనడం లేదు.

"తగ్గింది," అంది అక్క. అతని పాదాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళతో అరికాలు నొక్కడం మొదలుపెట్టింది.

"ఆ గుమ్మంలో మన అద్దాలేనా? లోపలికి రమ్మను. సిగ్నలు దగ్గర ఆగిన బండిలా నిలబడ్డాడు."

అక్క వెనక్కి తిరగలేదు. ఆడపడుచు అతని వైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూసింది. మందుల బండి తోసుకొస్తున్న నర్సులు అతన్ని చూసి ఆగారు. హెడ్ నర్సు అప్పటికే వాళ్ళతో ఏదో అన్నట్టుంది, చెప్పడానికి వచ్చాడనుకుని బండి ఆపి నిలబడ్డారు. అందరి కళ్ళూ అతని ముఖం మీద ఉన్నాయి.

అతని చెయ్యి డబ్బాను వదిలి పైకి లేచింది. మెడ దాకా వచ్చింది, గడ్డం దాకా వచ్చింది. అక్క వెన్నులో కదలిక లేదు. ఆవిడకు చూడకుండానే తెలుస్తుంది, ఎప్పుడూ తెలిసేది. అతను ఆ ఒక్క మాట కోసం ఆగాడు.

ఆవిడ బావ అరికాలు నొక్కుతూనే ఉంది. చెయ్యి దించమని ఎవరూ అనలేదు.

కాసేపటికి అతనే దించుకున్నాడు. డబ్బా మూత తీసి తన ప్లేటు బయటికి తీశాడు. నర్సులకు కనబడేట్టు ఎత్తి పట్టుకున్నాడు.